కుక్కకి పెట్టే ఐసుల కోసం కొన్న సిలికాన్ ట్రే: ఇన్నాళ్ళు వాడాక నా మాట

కుక్క పాదం గుర్తు, ఎముక గుర్తు గుంటలున్న సిలికాన్ ట్రే ఒకటి నిరుడు ఎండలు ముదరకముందే ఆన్‌లైన్‌లో తెప్పించాను. మూతతో కలిపి రెండొందల చిల్లర. అప్పట్నుంచి మా ఫ్రీజర్‌లో ఓ మూల దానిదే. కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తాను: ట్రే బాగుంది, కానీ అది లేకపోయినా పని ఆగదు. అందులో ఏం పోస్తున్నాం, ఎంత గట్టిగా గడ్డకడుతోంది అన్నదే అసలు సంగతి.

మాది శ్రీకాకుళం. ఇక్కడ ఎండకంటే ఉక్క ఎక్కువ ప్రాణం తీస్తుంది. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల కింద కాస్త పడుతుంది, మిగతా వేడంతా నాలుక చాపి రొప్పుతూ దించుకోవాల్సిందే. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ రొప్పడం కూడా పెద్దగా పనిచెయ్యదు. మే నెలలో మా లాబ్రడార్ బబ్లూగాడు బాత్రూం గచ్చు మీంచి లేచేవాడు కాదు, మధ్యాహ్నం అన్నం ముట్టేవాడు కాదు. వాడి కోసమే ఈ ఐసుల గొడవంతా. మొదట్లో "కుక్కకి ఐసేటిరా?" అని అమ్మ నవ్వింది. ఇప్పుడు ట్రే నింపేది ఎక్కువగా ఆవిడే.

అన్నిటికంటే బాగా కుదిరింది పెరుగు, తీపి గుమ్మడికాయ. గుమ్మడి ముక్కలు తొక్క తీసి, ఉప్పెయ్యకుండా మెత్తగా ఉడికించి, చల్లారాక పులవని పెరుగులో మెదిపి పోస్తాం. పాలు మాత్రం వద్దు. ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలలో ఉండే లాక్టోజ్ అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. పెరుగులో అది తక్కువ. అయినా మీ కుక్కకి మొదట ఒక్క ముక్కే పెట్టి ఓ రోజు చూడండి. ఖర్చు లేకుండా అయ్యేది గంజి. ఉప్పులేని గంజిలో ఉడికించిన చికెన్ చిన్న పోగులుగా చీల్చి కలిపితే చాలు, బబ్లూకి పండగే. ఆ చికెన్‌ని ఉల్లి, వెల్లుల్లి లేకుండా విడిగా ఉడికించాలి. ఆ రెండూ కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. కూరలోంచి ముక్క తీసి నీళ్ళలో కడిగి వేస్తే సరిపోదు, సారమంతా ముక్కలోకి దిగి ఉంటుంది కదా.

పుచ్చకాయ రసం చూడ్డానికి ఎర్రగా ముచ్చటగా ఉంటుంది కానీ, నాకు నచ్చలేదు. నీరు ఎక్కువ కాబట్టి రాయిలా గడ్డకడుతుంది. లాబ్రడార్లకి నాకడం తెలియదు, నోట్లో పడగానే పటుక్కుమని కొరకడమే. అంత గట్టిది కొరికితే పళ్ళు విరగొచ్చు. పెరుగు, అరటిపండు కలిపినవి అంత గట్టిపడవు. ఏదైనా సరే ఫ్రీజర్‌లోంచి తీసి కాసేపు బయట పెట్టి, గోరుతో నొక్కితే గాటు పడుతుంటేనే ఇస్తాం.

వేరుశనగ వెన్న కలుపుతామంటే డబ్బా వెనక చదవండి. షుగర్ లేదని అమ్మేవాటిలో కొన్నిటిలో చక్కెర బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం వేస్తారు. అది కొంచెం పడినా కుక్క రక్తంలో చక్కెర దబ్బున పడిపోతుంది, లివర్ కూడా దెబ్బతినొచ్చు. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలకి ప్రమాదం. అందుకే ఇంట్లో పిల్లలు తింటున్న కుల్ఫీ, ఐస్‌క్రీమ్ మిగిలిందని కుక్కకి పెట్టొద్దు. ఇంట్లో చేసినదైనా మితంగానే పెట్టాలి. ఇలాంటి చిరుతిళ్ళన్నీ కలిపి రోజు మొత్తం కేలరీల్లో పదోవంతు దాటకూడదు. లాబ్రడార్లు అసలే ఇట్టే ఒళ్ళు చేసే జాతి.

ఇక ట్రే సంగతి. నింపాక వంగిపోతుంది, కింద స్టీలు పళ్ళెం లేకుండా ఎత్తితే సగం ఫ్రీజర్‌లో ఒలుకుతుంది. పాదం గుర్తులో వేళ్ళు మరీ చిన్నవి, ఐసు బయటికొచ్చినా వేళ్ళు లోపలే ఉండిపోతాయి. కుక్కకి ఆ షేపుతో పనేంటో నాకైతే అర్థం కాలేదు, ఫోటోలకే అనుకుంటా. చికెన్ వాసన సిలికాన్‌కి పట్టిందంటే సబ్బుకి పోదు. వేడినీళ్ళలో వంటసోడా వేసి రాత్రంతా నానబెడితే చాలావరకు పోయింది. ఇప్పుడు చికెన్ గంజిని పాత స్టీలు గిన్నెల్లోనే పెడుతున్నాం. మూత వదులు. కరెంటు పోయి కరిగిందంటే పెరుగంతా పక్కకి కారుతుంది. అలా కరిగి చాలాసేపు ఉన్నదాన్ని మళ్ళీ గడ్డకట్టించి పెట్టను, పారబోస్తాను.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఈ ఐసులు సరదాకి, కాస్త చల్లదనానికి మాత్రమే. కుక్క తూలుతూ, చిక్కగా చొంగ కారుస్తూ, ఆగకుండా రొప్పుతుంటే అది వడదెబ్బ. అప్పుడు నోట్లో ఐసు కుక్కడం కాదు, నీడకి లాగి, ఒంటి మీద మామూలు నీళ్ళు పోసి, ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టి, వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. పగ్‌లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

ట్రే పాడైతే మళ్ళీ కొంటానా అంటే కొంటాను. కాకపోతే పాదం గుర్తులది కాదు. మామూలు పలకల గుంటలది, మూత గట్టిగా పట్టేది.