పాత పుస్తకాల కోసం హైదరాబాద్ వస్తే: సాలార్‌జంగా, అఫ్జల్‌గంజా, ఆబిడ్సా?

పాత పుస్తకాల కోసం ఈ ఊరు వచ్చేవాళ్లు ముందు చూసుకోవాల్సింది వారం. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచేది ఆదివారమే, ఆ రోజు వెనక దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి కాబట్టి. శుక్ర, శనివారాలకు టికెట్ తీసుకుని వచ్చినవాళ్లకు ఆబిడ్స్ దక్కదు. శని, ఆది అయితే మ్యూజియం, ఆబిడ్స్ రెండూ కుదురుతాయి. గ్రంథాలయాలకు మాత్రం సెలవులు వేరే ఉంటాయి, బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి.

సాలార్‌జంగ్‌లో పుస్తకం కంటికే గాని చేతికి రాదు. 1951లో సాలార్‌జంగ్‌ల నివాసమైన దివాన్ దేవిడీలో మొదలై, 1968లో దారుల్‌షిఫా దగ్గరి ఇప్పటి భవనంలోకి వచ్చిన ఈ మ్యూజియంలో జనమంతా ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం దగ్గరా, గంటల గడియారం దగ్గరా ఉంటారు. రాతప్రతుల గదికి వచ్చేది తక్కువమంది. పన్నెండు గంటలు కొట్టే వేళ గడియారం ముందు కుర్చీలన్నీ నిండిపోతాయి. రాతప్రతులు తీరిగ్గా చూడాలంటే అదే అదను. బాగ్దాద్ లేఖకుడు యాకూత్ అల్ ముస్తాసిమీ 1288లో రాసిన ఖురాన్ ప్రతి ఈ సేకరణలోదే. దాని మీద జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల చేవ్రాళ్లున్నాయి. అయితే సేకరణలో ఉన్నవన్నీ అద్దాల్లో పెట్టరు. గదిలో వెలుతురు మసగ్గా ఉందని విసుక్కోవద్దు. రంగులూ సిరాలూ వెలిసిపోకుండా రాతప్రతుల మీద 50 లక్స్ మించి కాంతి పడనివ్వకపోవడం మ్యూజియాల పద్ధతి. లోపలికి వెళ్లాక రెండు మూడు నిమిషాలు ఆగితే కళ్లు అలవాటుపడతాయి, అంచుల్లోని బంగారు గీతలు అప్పుడు తేలతాయి. అరబ్బీ, పారశీకం చదవలేనివాళ్లకు ఇక్కడ దొరికేది లిపి అందమే. అదీ తక్కువేం కాదు, కానీ తెలుగు పుస్తకం కోసం వచ్చినవాళ్ల ఆకలి దీంతో తీరదు.

మూసీకి ఇవతల, ఉస్మానియా ఆసుపత్రికి దగ్గర్లో అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. 1891లో ఆసఫియా కుతుబ్‌ఖానాగా పుట్టింది. ఇక్కడ పుస్తకం తెప్పించుకుని చదవొచ్చు, కానీ ఊరికే తిరిగి చూద్దామని వెళితే పోటీ పరీక్షల కుర్రాళ్లతో నిండిన హాళ్లు తప్ప ఏమీ కనిపించవు. పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం, ప్రచురణకర్త నాలుగూ కాగితం మీద రాసుకుని వెళ్లాలి. పేరు ఒక్కటే చెబితే పాత ముద్రణ బదులు కొత్తది చేతికొస్తుంది. గుర్తింపు కార్డు, పెన్సిల్ వెంట ఉంచుకోవాలి. పాత కాగితం మీద పెన్ను వాడకపోవడమే మర్యాద. ముట్టుకుంటే పొడి రాలే పుస్తకాన్ని ఇవ్వకపోవచ్చు, అందులో సిబ్బంది తప్పేమీ లేదు. ఇక్కడి పాత పుస్తకాలు చాలా భారత డిజిటల్ లైబ్రరీ పథకంలో స్కాన్ అయ్యాయి. అంతర్జాలంలో ముందు వెతికి, దొరకనివాటికే ప్రయాణం పెట్టుకుంటే రోజు వృథా పోదు. తాళపత్రాల కోసమైతే ఇక్కడ కాదు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి వెళ్లాలి. ఏ గ్రంథం ఎందుకు కావాలో రాతపూర్వకంగా అడిగేందుకు సిద్ధపడి వెళ్లండి.

తెలుగు పుస్తకమే లక్ష్యమైతే అఫ్జల్‌గంజ్ కన్నా సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయానికే నా ఓటు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకట రంగారావుల పూనికతో వెలసింది. అఫ్జల్‌గంజ్‌తో పోలిస్తే చిన్నది, వెతుకులాట తక్కువ. సుల్తాన్‌బజార్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడకదూరం.

ఇక ఆబిడ్స్. పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటే ఇదొక్కటే దారి. పొద్దున్నే వెళ్లాలి, ఎందుకంటే తిరిగి అమ్ముకునేవాళ్లు మంచివన్నీ ముందే ఏరుకుపోతారు. ఇంగ్లీషు నవలలు గుట్టలుగా ఉంటాయి, పాత తెలుగు అరుదు. దొరికేది ఎక్కువగా గుట్ట అడుగునే. వానొచ్చిందంటే టార్పాలిన్లు కప్పేస్తారు, ఆ వారానికి ఆశ వదులుకోవడమే. కోఠీలో రోజూ ఉండే సెకండ్‌హ్యాండ్ దుకాణాలు దీనికి బదులు కావు, అక్కడ ఎక్కువగా పాఠ్యపుస్తకాలే.

బేరం కన్నా ముందు పుస్తకం వయసు తేల్చుకోవాలి. అరసున్నలు కనిపించగానే పాతదనుకోకూడదు, తర్వాతి ముద్రణల్లోనూ వాటిని అలాగే ఉంచుతారు. ధర అణాల్లో ఉంటే దాదాపుగా 1957 ఏప్రిల్‌కు ముందుది, నయాపైసలు వచ్చింది అప్పుడే. హాలీ అని ఉంటే నిజాం నాణెంలో వేసిన ధర. ముఖపత్రంలో తెలుగు సంవత్సరం పేరే ఉంటే ప్రభవ 1867, 1927, 1987 అని పెట్టుకుని లెక్కకట్టండి. ఉదాహరణకు రుధిరోద్గారి 57వది, కాబట్టి 1923 గాని 1983 గాని అవుతుంది. రెండింటిలో ఏదన్నది ధర చెబుతుంది. సంవత్సరం ఉగాదికి మారుతుంది కనుక జనవరి, ఫిబ్రవరి నెలల్లో అచ్చయినదైతే ఒకటి కలపాలి.

తర్వాత ఫారాలు, అంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచిన పేజీల కట్టలు చూడండి. ప్రతి 8 లేదా 16 పేజీలకోసారి పేజీ అడుగున చిన్న అంకె ఉంటుంది. వరసలో ఒకటి తప్పిందంటే ఫారం ఊడిపోయిందన్నమాట. అట్టా కుట్టూ బాగున్నా లోపల 16 పేజీలు లేని పుస్తకాలు ఎన్నో. అక్షరాల అంచులు ముద్దగా ఉండి కాగితం తెల్లగా మెరుస్తుంటే అది పాత ప్రతికి జిరాక్స్ లాంటి పునర్ముద్రణ, పాతదాని ధర ఇవ్వకండి. సెల్లో టేపు మరక పోదు. పురుగు రంధ్రాలు పాతవైతే ఫర్వాలేదు, కానీ తెరవగానే సన్నని పిండి రాలితే పురుగు లోపల బతికే ఉంది. బూజు వాసన వచ్చేదాన్ని ఎంత అరుదైనదైనా వదిలేయండి, ఇంట్లో మిగతా పుస్తకాలకూ అంటుకుంటుంది.

ఒక్క ఆదివారమే చేతిలో ఉంటే ఉదయం ఆబిడ్స్, మధ్యాహ్నం సాలార్‌జంగ్. ఆటోలో దగ్గరే. పుస్తకాల సంచి మ్యూజియం లోపలికి తీసుకెళ్లే వీలుండదు, కాబట్టి మధ్యలో లాడ్జికి వెళ్లి పడేసి రావడం మంచిది. మీ ఊరు చేరాక కొన్న పుస్తకాలను నేరుగా బీరువాలో పెట్టొద్దు. ఒక్కోదాన్నీ పొడిగా ఉండగా పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా కట్టి, లోపల పురుగు ఉంటే చచ్చేలా రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచాలి. బయటకు తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా, కనీసం ఒక రోజు, కవర్ విప్పకూడదు. ముందే విప్పితే గాలిలోని తేమ చల్లటి కాగితం మీద నీరై దిగుతుంది.