స్క్రీన్ వెలగకముందే లినక్స్ మాట వినాలంటే: ఎక్స్‌డిబిసి వాడకం అనుభవం

బూట్ మొదట్లోనే కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) ఆగిపోయి స్క్రీన్ నల్లగా ఉండిపోతే, ఒకప్పుడు సీరియల్ పోర్టుకి వైరు తగిలించి కారణం చూసుకునేవాళ్లం. ఇప్పటి లాప్‌టాప్‌లకు ఆ పోర్టే లేదు. ఆ లోటు కొంత తీర్చేది ఎక్స్‌డిబిసి డ్రైవర్. 2017లో 4.12 కెర్నెల్‌తో వచ్చింది. యుఎస్‌బి 3 కంట్రోలర్‌లోనే ఉండే డిబగ్ సదుపాయాన్ని పట్టుకుని, మామూలు యుఎస్‌బి డ్రైవర్లు లేవకముందే మెసేజ్‌లు పక్క మిషన్‌కి పంపేస్తుంది. విశాఖ మధురవాడలో ఇంట్లో కూర్చుని కెర్నెల్ పని చేసుకునే నాకు చాలాకాలంగా ఇదే దిక్కు. డ్రైవర్‌కి మంచి మార్కులే వేస్తాను. ఏడిపించేదల్లా కేబులే.

దీనికి రెండు వైపులా టైప్-ఏ ఉన్న సూపర్‌స్పీడ్ (యుఎస్‌బి 3) డిబగ్ కేబుల్ కావాలి. అందులో 5 వోల్టుల తీగ ఉండకూడదు. మామూలు ఏ-టు-ఏ కేబుల్ పెడితే రెండు మిషన్ల కరెంటు ఎదురెదురుగా తగులుతుంది, పోర్టు పోయే ప్రమాదం ఉంది. డాబా గార్డెన్స్‌లో ఒక షాపులో అడిగితే, "డిబగ్ కేబుల్ అంటే ఏటండి, రెండు పక్కలా మగ పిన్నే కదా, ఇదే పెట్టీండి" అన్నాడు. చివరికి ఆన్‌లైన్‌లోనే తెప్పించుకున్నాను. మన సముద్రపు గాలికి పిన్నులు తొందరగా నల్లబడతాయి, వాడనప్పుడు మూతపెట్టే డబ్బాలో ఉంచడం మేలు.

కేబుల్ దొరికాక మిగతాది సులువే. అన్ని కంట్రోలర్లలో ఈ సదుపాయం ఉండదు, అది ముందే చూసుకోవాలి. కెర్నెల్ కాన్ఫిగ్‌లో ఆప్షన్ ఆన్ చేసి, బూట్ లైన్‌లో 'ఎర్లీప్రింట్‌కె=ఎక్స్‌డిబిసి' అని ఇస్తే చాలు. రెండు కంట్రోలర్లు ఉంటే చివర 0 గానీ 1 గానీ చేర్చాలి. 'కీప్' అని కూడా చేర్చకపోతే, అసలు కన్సోల్ (కెర్నెల్ మెసేజ్‌లు మామూలుగా కనపడే చోటు) రాగానే ఇది తప్పుకుంటుంది. సగం బగ్‌లు సరిగ్గా ఆ తర్వాతే వస్తాయి మరి! చూసే మిషన్‌లో కొత్తగా రాసేదేమీ లేదు, 'యుఎస్‌బి డిబగ్' మాడ్యూల్ దాన్ని టిటివైయుఎస్‌బి0 అనే సీరియల్ పోర్టుగా చూపిస్తుంది. రీబూట్ చేసినప్పుడల్లా ఆ పోర్టు మాయమై మళ్లీ వస్తుంది కాబట్టి, అది కనపడేదాకా కాచుకుని లాగ్ చదివే చిన్న షెల్ స్క్రిప్ట్ రాసిపెట్టుకోండి.

పాత ఈహెచ్‌సిఐ (యుఎస్‌బి 2 కంట్రోలర్) డిబగ్ పోర్టుతో పోలిస్తే ఇది ఎంతో నయం. అక్కడ ప్యాకెట్‌కి 8 బైట్లే. మధ్యలో ఒక ప్రత్యేక పరికరమో, ఆ వేషం వేసే బీగల్‌బోన్ అనే చిన్న కంప్యూటర్ బోర్డో ఉండాలి. పైగా పనికొచ్చేది ఒకే ఒక్క పోర్టు, అది కొన్ని లాప్‌టాప్‌లలో లోపలి వెబ్‌క్యామ్‌కి పోయి ఉంటుంది.

నిద్రపుచ్చి లేపడం మాత్రం దీనికి చేతకాదు. అందుకే యుఎస్‌బి ఆటోసస్పెండ్‌ని (ఖాళీగా ఉన్నప్పుడు యుఎస్‌బిని నిద్రపుచ్చే సెట్టింగ్) -1 పెట్టి, అంటే ఆపేసి వాడతాను. సస్పెండ్ బగ్‌లు పట్టాల్సి వస్తే దీన్ని బయటికి తీయను, పీస్టోర్ (రీబూట్ తర్వాత కూడా చివరి మెసేజ్‌లని దాచి ఉంచే సదుపాయం) ఆన్ చేసి, పానిక్ (కెర్నెల్ కుప్పకూలడం) తర్వాత మళ్లీ బూట్ చేసి అందులో ఏం మిగిలిందో చూసుకుంటాను.