అరిటాకు భోజనమా, ఏసీ రెస్టారెంటా? నాన్నతో వెళ్ళేటప్పుడు ఏది మేలు?

విజయనగరంలో నెలకోసారి మేం నలుగురం బయట భోంచేస్తాం. నాన్నకి సుగరు. అమ్మకి ఆ పూటైనా వంటిల్లు మర్చిపోవాలని ఉంటుంది. మావాడికి నూడుల్స్ కావాలి. అందుకే ప్రతిసారీ అదే తర్జనభర్జన: గంటస్తంభం దగ్గర ఆకు వేసి వడ్డించే హోటలుకా, కాంప్లెక్స్ వైపున్న ఏసీ ఫ్యామిలీ రెస్టారెంటుకా?

రుచి విషయంలో నాకు రెండూ ఇష్టమే. కానీ ఎంత తింటామో, ఎంత ఖర్చు పెడతామో చాలావరకు కూర్చున్న చోటే నిర్ణయిస్తుందని ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది.

ముందు పన్ను సంగతి. ఏసీ అంటే పన్ను ఎక్కువని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఒకప్పుడు నిజమే, ఏసీ ఉంటే 18 శాతం, లేకపోతే 12. 2017 నవంబరు 15 నుంచి మామూలు రెస్టారెంట్లలో రెండింటికీ 5 శాతమే. కాబట్టి బిల్లు పెరిగితే ఆ తప్పు పన్నుది కాదు.

మరి దేనిది? ఏసీ గదిలో మెత్తటి సీటు, మసక దీపాలు, నెమ్మదైన పాట. లేవాలనిపించదు. 1986లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధన ఇదే చూసింది. ఒకే రెస్టారెంటులో వేగంగా సాగే సంగీతం పెట్టిన రోజుల్లో జనం సగటున 45 నిమిషాలు కూర్చుంటే, నెమ్మదైనది పెట్టిన రోజుల్లో 56 నిమిషాలు కూర్చున్నారు. భోజనం ఖర్చులో పెద్ద తేడా లేదు, పానీయాల ఖర్చు మాత్రం బాగా పెరిగింది. మా బిల్లులోనూ అంతే. బిర్యానీ ఎప్పుడూ ఉండేదే, ఆ పైన చేరేవి లైమ్ సోడాలు, ఐస్‌క్రీములు. పైగా గిన్నెలన్నీ మధ్యలో పెట్టి కొంచెం కొంచెం వేసుకుంటాం. పోయినసారి ఇంటికొచ్చాక నాన్న, "ఏటమ్మా, ఆ చీకట్లో ఎంత తిన్నానో నాకే తెలీలేదు" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఆకు హోటల్లో టోకెన్ ముందే తీసుకుంటాం. అక్కడితో ఖర్చు తేలిపోయింది. ట్యూబులైటు వెలుగులో అన్నమెంతో, కూరెంతో ఆకు మీద స్పష్టంగా కనిపిస్తుంది. నాన్నకి కావాల్సింది అదే.

అయితే అక్కడా చిక్కుంది. ఒంటిగంట దాటితే కుర్చీ వెనకాలే మనిషి నిలబడి చూస్తుంటాడు. గబగబా మింగాల్సిందే. కడుపు నిండిన సంగతి మనకి తెలియడానికి కొంత సమయం పడుతుంది, ఈలోపు సప్లయరు "ఇంకొంచెం వెయ్యమంటారా బాబూ" అంటూనే అన్నం పెట్టేస్తాడు. మొహమాటానికి నాన్న వద్దనలేరు. మంచి మనసుతో పెట్టిందే అయినా, సుగరు ఉన్నవాళ్ళకి అది ఇబ్బందే.

శబ్దంలో రెండూ రెండే. ఏసీలో శని, ఆదివారాల్లో పుట్టినరోజు పార్టీలు, స్పీకర్లు. 85 డెసిబెల్స్ విమానం హోరులో తీపి రుచి మందగిస్తుందని 2015లో ఒక పరిశోధన తేల్చింది. ఆ గోలలో మావాడు సోడాలో ఇంకో చెంచా పంచదార అడగడం నేను చూశాను. కారణం అదేనని చెప్పలేను గానీ, అప్పటినుంచి గోల ఉన్న రోజుల్లో అటు వెళ్ళడం మానేశాం.

నాన్న వెంట ఉంటే నా ఓటు ఆకు హోటలుకే, అదీ పన్నెండింటికల్లా చేరుకుంటేనే. అప్పుడు వెనక ఎవరూ నిలబడరు, నెమ్మదిగా నమిలి తినొచ్చు. కూర్చోగానే సప్లయరుతో "అన్నం ఒక్కసారే చాలు బాబూ, కూర ఇంకోసారి వెయ్యండి" అని నేనే చెప్పేస్తాను.

అమ్మ పుట్టినరోజుకి మాత్రం ఏసీయే, అదీ మామూలు రోజున. ఆవిడ గంటసేపు కదలకుండా కూర్చుని కబుర్లు చెప్పే చోటు మాకు ఊళ్ళో ఇంకోటి లేదు. ఆ సుఖానికి డబ్బు పెట్టడం నాకు తప్పనిపించదు. ఆర్డరు ఒక్కసారే చెప్పి, మెనూ కార్డు వెంటనే తిరిగిచ్చేస్తాం. నాన్న పళ్ళెంలో ఏం వెయ్యాలో ముందే వేరు చేసి పెడతాం.

పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ రోజున ఈ లెక్కలేవీ పనిచెయ్యవు. ఆ జనంలో నలుగురికి ఎక్కడ చోటు దొరికితే అక్కడే తింటాం.