నెల్లూరు పని, చేతిలో ఒక్క కెమెరా

కంపెనీ పని మీద నెల్లూరు వెళ్లినవాళ్లకి ఫోటోలు తీసుకునే వీలు రోజుకు రెండుసార్లే దొరుకుతుంది. తెల్లవారుజామున డీలర్ ఫోన్ మోగకముందు ఒక గంట, సాయంత్రం లెక్కలన్నీ తేలాక దుకాణాల దీపాలు వెలిగే వేళ ఇంకో గంట. మధ్యలో పగలంతా కంపెనీదే. ఏ కెమెరా సర్దుకోవాలి, ఏ రీలు కొనాలి, ఏ పేటలో గది తీసుకోవాలి అనేవన్నీ ఆ రెండు గంటలను బట్టే తేల్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. రొయ్యల చెరువుల్లో నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు అమ్మే కంపెనీలో సర్వీసు పని చూస్తుంటాను కాబట్టి హైదరాబాద్ నుంచి అటువైపు తరచూ వెళ్లాల్సి వస్తుంది. టూల్ కిట్, ల్యాప్‌టాప్‌తో పాటు ఫిల్ము కెమెరా కూడా బ్యాగులో ఉండాల్సిందే.

నాది నికాన్ ఎఫ్ఎం2, 1982లో వచ్చిన మోడల్. షట్టర్ పూర్తిగా మెకానికల్. లోపల ఉండే చిన్న బటన్ సెల్స్ వెలుగు కొలిచే మీటరు కోసమే. అవి అయిపోయినా కెమెరా ఆగదు, వెలుగును అంచనా వేసుకుని తీసుకోవచ్చు. ఛార్జర్ మోసే పని లేదు. బాడీ బరువు అర కిలో పైచిలుకు. దానికి 35 ఎం.ఎం. ఎఫ్/2 లెన్స్ ఒక్కటే తీసుకెళ్తాను. ఎం.ఎం. అంకె తగ్గేకొద్దీ ఫ్రేములో ఎక్కువ వెడల్పు పడుతుంది, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుని ఎక్కువ వెలుగు వస్తుంది. 50 ఎం.ఎం. లెన్స్ మంచిదే, చవక కూడా. కానీ చిన్నబజారు లాంటి ఇరుకు వీధిలో మనిషీ, దుకాణమూ రెండూ ఫ్రేములోకి రావాలంటే వెనక్కి జరగాలి, వెనక స్కూటర్లు వస్తుంటాయి. జూమ్, ట్రైపాడ్ ఇంట్లోనే ఉంచేయండి. పని మీద వెళ్లినప్పుడు ట్రైపాడ్ నిలబెట్టే తీరిక ఎవరికీ ఉండదు.

బీరువాలో పాత యాషికా ఎంఎఫ్-2 ఉన్నవాళ్లు దాన్నే తీసుకెళ్లొచ్చు. ఫోకస్ తిప్పే పని లేని కెమెరా, పగటి వెలుగులో చక్కగా పనిచేస్తుంది. సాయంత్రం మాత్రం ఫ్లాష్ వేయక తప్పదు, ఫ్లాష్ వేస్తే బజారు వెలుగు పోయి ముందున్న ముఖం ఒక్కటే తెల్లగా మిగులుతుంది. సాయంత్రాలే కావాలనుకునేవాళ్లు ఎఫ్/2 లెన్స్ ఉన్న కెమెరా చూసుకోవడం మేలు.

రీళ్ల విషయానికొస్తే నేను రెండు రకాలకు మించి తీసుకెళ్లను. పగటికి కోడాక్ పోర్ట్రా 400, రాత్రికి ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు తెలుపు ఫిల్ము. రెండూ 400 స్పీడువే, ఆ అంకె ఎంత పెద్దదైతే ఫిల్ముకు అంత తక్కువ వెలుగు చాలు. పోర్ట్రా ఖరీదెక్కువ, కోడాక్‌దే అయిన గోల్డ్ 200 కంటే చాలా ఎక్కువ. అయినా చెరువు గట్టు మీద ఎండలో నల్లబడిన మనుషుల చర్మం రంగు అందులో వచ్చినంత నిజంగా నాకు ఇంకెందులోనూ రాలేదు. గోల్డ్ 200 పసుపు వైపు మొగ్గుతుంది. సాయంత్రపు ఎండకు అది అందమే. మబ్బు పట్టిన రోజున మాత్రం స్పీడు చాలదు. స్లైడ్ ఫిల్ము (నెగటివ్ కాకుండా నేరుగా రంగుల బొమ్మే వచ్చేది) మీద మోజున్నవాళ్లకి ఒక మాట. ఎక్టాక్రోమ్ ఇ100 2018లో మళ్లీ వచ్చింది, రంగులు అద్భుతం. కానీ ఎక్స్‌పోజర్‌లో కొంచెం తేడా వచ్చినా క్షమించదు, దాన్ని కడిగే ల్యాబులూ మన దగ్గర అరుదు. తీరిగ్గా వెళ్లే యాత్రకు దాచుకోండి. దీపాల చుట్టూ వచ్చే ఎర్రటి కాంతి వలయాల కోసం సినీస్టిల్ 800టి కొనేవాళ్లూ ఉన్నారు. అది పసుపు పచ్చటి బల్బుల వెలుగుకు తగినట్టు చేసిన ఫిల్ము. ఎల్ఈడీ దీపాలు వచ్చాక మన బజార్లలో ఆ వెలుగే తగ్గిపోయింది, దానికోసం అంత పెట్టక్కర్లేదు.

ఒక్క కెమెరాతో రెండు రకాల రీళ్లు అంటే చిక్కు ఉంటుంది. సగం వాడిన రీలు తీసి ఇంకోటి వేయడం కుదురుతుంది గానీ, వెనక్కి చుట్టేటప్పుడు కొస లోపలికి పోకుండా చూసుకోవాలి, ఎన్నో నంబరు దగ్గర ఆపామో డబ్బా మీద రాసుకోవాలి. నేను పగటి రీలు సూర్యాస్తమయానికి పూర్తయ్యేలా చూసుకుంటాను. ఆరేడు ఫ్రేములు మిగిలితే డీలర్ ఆఫీసులో కూర్చున్నవాళ్లందరినీ ఒక్కొక్కరిగా తీస్తాను. తర్వాత ప్రింట్లు పంపితే ఎంత సంతోషిస్తారో చెప్పలేను.

ప్రయాణంలో ఫిల్ముకు అసలు గండం స్కానర్లు. మెట్రో స్టేషన్లో ఒకసారి, పెద్ద రైల్వే స్టేషన్లో ఒకసారి, తిరుగుప్రయాణంలో మళ్లీ. మామూలు ఎక్స్‌రే యంత్రంలో 400 స్పీడు ఫిల్ము ఒకటి రెండు సార్లు వెళ్లినా ఫర్వాలేదు గానీ ఆ ప్రభావం పోగవుతూ ఉంటుంది. రేణిగుంట మీదుగా విమానంలో వచ్చేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చెకిన్ లగేజీలో రీలు పెట్టకూడదు. సీటీ స్కానర్ ఉన్నచోట ఏ స్పీడు ఫిల్మునైనా చేతికిచ్చి చూపించాల్సిందే. రీళ్లన్నీ ప్లాస్టిక్ డబ్బాల్లోంచి తీసి, లోపలివి కనిపించే జిప్ కవరులో వేసి, మర్యాదగా అడిగితే చాలాచోట్ల చేత్తో చూసి పంపుతారు. ఒక స్టేషన్లో మాత్రం సెక్యూరిటీ ఆయన ఎంత చెప్పినా వినలేదు. అలాంటప్పుడు వాదనకు దిగి రైలు పోగొట్టుకోవడం కన్నా ఒక్కసారి పోనివ్వడమే నయం.

రైలు సంగతి. సికింద్రాబాద్ నుంచి తిరుపతి వెళ్లే వందే భారత్ 2023లో మొదలైంది. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి నెల్లూరులో దింపుతుంది. శుభ్రంగా ఉంటుంది, ఒళ్లు అలవదు. కానీ ఒక ఉదయపు వెలుగు రైల్లోనే పోతుంది. సింహపురి ఎక్స్‌ప్రెస్ రాత్రి రైలు. నిద్ర సరిగ్గా పట్టకపోయినా దిగేసరికి రోజంతా ముందుంటుంది. మీటింగు మధ్యాహ్నం అయితే నా ఓటు రాత్రి రైలుకే.

ఇక బస. మినీ బైపాస్ వైపు పెద్ద హోటళ్లున్నాయి. గదులు విశాలం, పార్కింగ్ ఉంటుంది, గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుంది. కంపెనీలు బుక్ చేసేది కూడా ఇవే. ఫోటోల కోణంలో చూస్తే వీటికి రెండు లోపాలు. కాలినడకన వెళ్లి చూసేందుకు చుట్టుపక్కల పెద్దగా ఏమీ ఉండదు. టిఫిన్ కూడా పొద్దెక్కాకే పెడతారు. మద్రాసు బస్టాండు, ట్రంకు రోడ్డు చుట్టుపక్కల లాడ్జీలు పాతవి, రాత్రి హారన్ల మోత ఉంటుంది, లిఫ్టు ఉండొచ్చు ఉండకపోవచ్చు. అయినా మెట్లు దిగితే బజారే. చాలా లాడ్జీల్లో 24 గంటల చెకౌట్ ఉంటుంది, తెల్లారి దిగినా అదనంగా కట్టే పని లేదు. నిద్ర ముఖ్యమనుకునేవాళ్లకి మాగుంట లేఅవుట్ మధ్యేమార్గం. వీధులు ప్రశాంతంగా ఉంటాయి, భోజనానికి మంచి చోట్లున్నాయి, బజారుకు ఆటోలో కాసేపట్లో చేరుకోవచ్చు. ఒంటరిగా పని మీద వెళ్తే నేను ట్రంకు రోడ్డు వైపే దిగుతాను. పై అంతస్తులో, రోడ్డుకు వెనకవైపు గది అడగాలి.

ఫ్రిజ్ ఉందని రీళ్లు అందులో పడేసేముందు ఒకటి చూసుకోండి. చాలా హోటళ్లలో తలుపు దగ్గర కార్డు తీయగానే గదిలో కరెంటంతా పోతుంది, దాంతో ఫ్రిజ్ కూడా ఆగిపోతుంది. మీరు పగలంతా చెరువుల దగ్గర ఉంటే రీళ్లు చల్లబడుతూ వేడెక్కుతూ ఉంటాయి. దాని కంటే బట్టల మధ్య చుట్టి అల్మరాలో పెట్టడం మంచిది. ఫ్రిజ్‌లో పెట్టిన రీలును తీసిన వెంటనే తెరవకూడదు, డబ్బాలోనే గంటా రెండు గంటలు ఉంచాలి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. మే నెలలో నెల్లూరు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద రీలు వదిలేస్తే రంగులు పాడైపోతాయి. ఇంకొకటి, ఏసీ గదిలోంచి తెల్లవారుజామున బయటికి రాగానే సముద్రపు గాలి తేమకు లెన్స్ మీద పొగ కమ్ముతుంది. రాత్రే కెమెరాను జిప్ కవరులో వేసి మూసి, బయటికొచ్చాక కాసేపు ఆగి తీయాలి. ఆ పావుగంటలో టీ తాగొచ్చు.

ఉదయం గంటకు నా మొదటి ఎంపిక రంగనాయకులపేట. రంగనాథస్వామి గుడి పెన్న ఒడ్డునే ఉంది. గుడి లోపల కెమెరా తీయకండి, బయట కావలసినంత ఉంది. గోపురం మీద తొలి ఎండ పడే వేళ పూలమ్మేవాళ్లు బుట్టలు సర్దుకుంటుంటారు. ఏటిగట్టు దగ్గర స్నానాలకు వచ్చినవాళ్లుంటారు, వాళ్లను తీయకుండా ఏటి ఇసుకను, దూరపు అవతలి గట్టును చూసుకోండి. 2022లో ప్రారంభమైన బ్యారేజి వైపు కూడా చూడొచ్చు. నిలిచిన నీళ్ల మీద పొద్దున్నే రంగు బాగుంటుంది. దర్గామిట్టలో స్వర్ణాల చెరువు, బారాషహీద్ దర్గా మామూలు రోజుల్లో నిదానంగా ఉంటాయి. మొహర్రం నెలలో రొట్టెల పండగ రోజులు వేరు. నీళ్లలో నిలబడి రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, గదులు దొరకడం కష్టం. పని వాయిదా వేసుకోలేకపోతే చాలా ముందే బుక్ చేసుకోవాలి.

మైపాడు బీచ్ ఊరికి 25 కిలోమీటర్లు. సూర్యోదయానికి అక్కడుండాలంటే బస్సును నమ్ముకోవడం కన్నా ముందురోజు సాయంత్రమే ఆటో మాట్లాడుకోవడం మంచిది, రానూ పోనూ, ఆగే సమయంతో కలిపి. పదింటికి మీటింగు ఉన్న రోజున మాత్రం పెట్టుకోకండి. కృష్ణపట్నం పోర్టులో పని పడితే కెమెరా గదిలోనే వదిలి వెళ్లండి, అనుమతి లేకుండా అక్కడ ఫోటోలు కుదరవు. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల సంగతీ అంతే.

అయితే నా మటుకు నెల్లూరు జిల్లాలో అసలు ఫోటోలు ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు చెరువుల దగ్గరే ఉన్నాయి. పగలంతా కంపెనీదే అన్నాను గానీ మోటారు విప్పి, ఆరబెట్టి, మళ్లీ బిగించే మధ్య కాసేపు ఖాళీ దొరుకుతుంది. ఎదురెండలో ఏరియేటర్ తిరుగుతుంటే నీటి తుంపర వెలుగు ముద్దలా లేస్తుంది. ఆ మెరుపు చూసి మీటరు మోసపోతుంది, అది చెప్పినట్టు తీస్తే మనిషి నల్లగా పడిపోతాడు. పోర్ట్రా 400ని నేను 200 అనుకునే తీస్తాను, అంటే రెట్టింపు వెలుగు ఇస్తాను. తుంపర ఎదురుగా ఉంటే ఇంకో స్టాప్, అంటే మళ్లీ రెట్టింపు వెలుగు ఇస్తాను. నెగటివ్ ఫిల్ము ఆ ఎక్కువ వెలుగును తట్టుకుంటుంది. మిట్టమధ్యాహ్నం 400 స్పీడుకు ఎఫ్/16 దగ్గర 1/500 సెకను వస్తుంది. 1/4000 వరకు వెళ్లే షట్టర్ ఉంటే ఎఫ్/5.6 దాకా తెరిచి వెనకున్న కరెంటు స్తంభాలను మసకబార్చొచ్చు. 1/1000 దగ్గర ఆగిపోయే కెమెరాలతో అది కుదరదు.

ఒక పెద్దాయన చెక్ ట్రే (చెరువులో దించి ఉంచే వల పళ్లెం) పైకి లాగి చూపించాడు. మేత ఎంత తిన్నాయో, పేగు గీత నల్లగా నిండిందో లేదో చూసేది అందులోనే. వనామీ రొయ్య ఒంట్లోంచి వెనకున్న వల కళ్లు కనిపిస్తాయి. నా 35 ఎం.ఎం. లెన్స్ అడుగు దూరం నుంచే ఫోకస్ అవుతుంది కాబట్టి ఆయన వేళ్లు, వేళ్ల మధ్య ఎగిరే రొయ్య, దాని మీసాలు అన్నీ ఒక్క ఫ్రేములో వచ్చాయి. ఆయన కెమెరా చూసి, "ఇంకా రీలు దొరకతా ఉండాదా అబ్బయా?" అని అడిగి, తన పెళ్లి ఫోటోల నెగటివ్‌లు ఇంకా ఇంట్లో ఉన్నాయని చెప్పాడు. ఫోటో ఎలా వచ్చిందో అప్పుడే చూపించలేం కదా, అందుకని అడ్రసు రాయించుకుని తర్వాత మ్యాక్సీ సైజు ప్రింట్లు పోస్టు చేశాను. ఫిల్ముతో ఫోటో తీసినవాళ్లు ఈ బాకీ ఉంచుకోకూడదు.

సాయంత్రం గంటకు ట్రంకు రోడ్డు, గాంధీబొమ్మ సెంటర్, చిన్నబజారు. హెచ్‌పీ5ని 1600గా తీస్తే ఎఫ్/2 దగ్గర 1/125, 1/250 దొరుకుతాయి, చెయ్యి వణికినా ఫోటో వణకదు. కడిగేవాళ్లకి 'రెండు స్టాపులు పుష్' (ఫిల్మును ఎక్కువసేపు డెవలప్ చేయమని) అని రాసి ఇవ్వాలి. ఫోటోలో గింజ (గ్రెయిన్) కనిపిస్తుంది, కాంట్రాస్టు పెరుగుతుంది, రాత్రి బజారుకు అది బాగానే ఉంటుంది. పెనం మీద కారం దోసె వేసే చోట అడిగి నిలబడండి, ఆవిరి వెనక నుంచి దీపం వెలుగు వచ్చే వైపు చూసుకోండి. మనది నాన్-వెజ్ అయితే మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు, ఎవరింటికైనా పిలిస్తే కాదనకండి. తిరుగు ప్రయాణానికి మలై కాజా.

రీళ్లు కడిగించడానికి నెల్లూరులో వెతుకుతూ సమయం పోగొట్టుకోకండి. ఒకప్పుడు ప్రతి సెంటర్లో ఉన్న కలర్ ల్యాబులు డిజిటల్‌కు మారిపోయాయి. ఒక స్టూడియోలో కడుగుతామని రీలు తీసుకుని, రెండు వారాలు తిప్పి, చివరికి అలాగే వెనక్కిచ్చారు. రీలు దక్కింది, అదే చాలు. బెంగళూరు, ముంబయి ల్యాబులకు కొరియర్లో పంపితే కడిగి స్కాన్ చేసి ఫైళ్లు పంపుతారు. నెగటివ్‌లు తిరిగి పంపమని తప్పకుండా చెప్పండి. నలుపు తెలుపు అయితే ఇంట్లోనే కడుక్కోవచ్చు. 20 డిగ్రీల నీళ్లు కావాలి, వేసవిలో మన కుళాయి నీళ్లు అంతకంటే చాలా వేడి, ఐసు కలిపి థర్మామీటర్ పెట్టుకోవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు నెల్లూరును గట్టిగా తడుపుతాయి. ఆ నెలల్లో పోర్ట్రా మానేసి అన్నీ హెచ్‌పీ5లే పట్టుకెళ్తాను. పని ఒంగోలు వరకు సాగితే చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీలకు కూడా అదే ఫిల్ము. నల్లరాయిలో బంగారు చుక్కల రంగు నలుపు తెలుపులో పోతుంది నిజమే, కానీ కోసిన రాతి గోడల ఎత్తు, కింద చీమల్లా కనిపించే లారీలు అందులోనే బాగా తేలుతాయి. క్వారీ యజమాని అనుమతి ముందే తీసుకోండి, హెల్మెట్ వాళ్లే ఇస్తారు.