హమ్మింగ్‌బర్డ్ ఫీడర్: పళ్లెం మేలా, సీసా మేలా?

మార్చి నెల వచ్చేసరికి పూల మకరందం తాగే చిన్ని పక్షులు, రూబీ త్రోటెడ్ హమ్మింగ్‌బర్డ్‌లు, మెక్సికో, మధ్య అమెరికాల నుంచి టెక్సాస్ తీరానికి తిరిగి రావడం మొదలుపెడతాయి, నెలాఖరుకు డల్లాస్ పరిసరాల్లోనూ కనిపిస్తాయి. సరిగ్గా అప్పుడే అక్కడి దుకాణాల్లో పక్షుల సామగ్రి ఉండే అరలు ఎర్రటి ఫీడర్లతో, అంటే వాటికి పంచదార నీళ్లు పోసి పెట్టే పాత్రలతో, నిండిపోతాయి. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో పెరడున్న ఇంట్లో స్థిరపడిన తెలుగువారు కూడా వాటి ముందు నిలబడి ఏది కొనాలా అని ఆలోచిస్తుంటారు. కొనేవారు సాధారణంగా ముందు అందం చూస్తారు, తరువాత ధర, ఆ తరువాత ఎన్ని నీళ్లు పడతాయన్నది. అయితే అన్నిటికంటే ముందు చూడవలసినది ఒకటుంది. ఆ ఫీడర్‌ను పూర్తిగా విప్పి, ప్రతి మూలకూ చేయో బ్రష్షో చేరేలా కడగడం వీలవుతుందా లేదా అన్నదే ఆ విషయం. మిగిలిన మంచిచెడ్డలన్నీ దాదాపుగా దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

మార్కెట్లో దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. మొదటిది సీసా ఫీడర్. పంచదార నీళ్లు నింపిన సీసాను తలకిందులు చేసి, పూల ఆకారంలో రంధ్రాలున్న అడుగుభాగానికి బిగిస్తారు. సీసా లోపలి పీడనం బయటి గాలి పీడనం కంటే తక్కువగా ఉండటం వల్ల నీళ్లు కారిపోకుండా నిలుస్తాయి, పక్షి తాగినప్పుడల్లా ఒక గాలి బుడగ లోపలికి వెళ్లి అంతే నీరు కిందికి దిగుతుంది. రెండవది పళ్లెం ఫీడర్. లోతు తక్కువైన గిన్నె, దాని మీద ఎర్రని మూత, ఆ మూతకు మూడో నాలుగో రంధ్రాలు, చుట్టూ పక్షి వాలడానికి సన్నని అంచు ఉంటాయి. ఇందులో పీడనంతో పని లేదు. నీళ్లు గిన్నె అడుగున ఉంటాయి, పక్షి ముక్కు దూర్చి నాలుకతో అందుకుంటుంది.

సీసా వైపు మనసు లాగే మొదటి కారణం పరిమాణం. అర లీటరు నుంచి లీటరు వరకు పట్టే సీసాను ఒకసారి నింపితే వారం పది రోజులు చూడనక్కరలేదన్న ఆశ కలుగుతుంది. ఒక్కసారి లెక్క వేసి చూడండి. రూబీ త్రోటెడ్ హమ్మింగ్‌బర్డ్ బరువు సుమారు 3 గ్రాములు. అది రోజుకు తన బరువుకు రెండింతలు మకరందం తాగుతుందని అనుకున్నా, ఆ మొత్తం మీ ఫీడర్ దగ్గరే తాగుతుందని అనుకున్నా, ఐదు పక్షులకు రోజుకు కావలసింది సుమారు 30 మిల్లీలీటర్లు. లీటరు సీసాలో తక్కినదంతా ఎండలో పులియడానికే మిగులుతుంది. జూలైలో డల్లాస్ ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంది, అంటే సుమారు 38 సెల్సియస్. ఆ వేడిలో పంచదార నీళ్లు రెండు రోజులకు మించి తాజాగా నిలవవు. పావు లీటరు పట్టే పళ్లెంలో సగం మాత్రమే పోసి, రెండు రోజులకొకసారి మార్చడం ఇంతకన్నా ఎంతో నయం.

ఎండలో సీసాకు మరో ఇబ్బంది ఉంది. సగం ఖాళీ అయిన సీసా పైభాగంలోని గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, అది నీటిని కిందికి నెట్టడంతో రంధ్రాల నుంచి చుక్కలు కారుతాయి. కారిన ప్రతి చుక్కా చీమలకు, తేనెటీగలకు, కందిరీగలకు ఆహ్వానమే. సీసాను నిండుగా నింపితే లోపల గాలి తక్కువగా ఉండి కారడం కొంత తగ్గుతుంది కానీ, నిండుగా నింపితే ఆహారం వృథా అవుతుంది. ఈ చిక్కు సీసా నిర్మాణంలోనే ఉంది కనుక, ఎంత మంచి కంపెనీ చేసినా నీడలో వేలాడదీయక తప్పదు. పళ్లెంలో నీరు రంధ్రాల కంటే కింద ఉంటుంది కనుక వేడికి కారదు. పైగా హమ్మింగ్‌బర్డ్ నాలుక ముక్కు చివర దాటి చాలా దూరం సాగుతుంది, తేనెటీగ నాలుక పొట్టిది, కాబట్టి పక్షికి అందినది ఈగకు అందదు. కొన్ని సీసా ఫీడర్ల పూలకు మధ్యలో పసుపు రంగు వేస్తారు. పసుపు కందిరీగలను రమ్మని పిలిచే రంగు, అలాంటివి కొనకండి.

చీమల సంగతికి వస్తే, రెండు రకాలకూ పరిష్కారం ఒకటే. మన ఇళ్లలో మిఠాయి గిన్నెను నీళ్లు పోసిన పళ్లెంలో పెట్టినట్టే, ఫీడర్‌కూ కొక్కేనికీ మధ్య ఒక చిన్న నీటి గిన్నెను వేలాడదీస్తే చీమలు దాటలేవు. చాలా పళ్లెం ఫీడర్లకు నడిమధ్యలో ఈ గిన్నె అమర్చే వస్తుంది. నీళ్లు ఎండిపోకుండా చూసుకోవడమే మన పని. ఫీడర్ వేలాడే తీగకు నూనె, గ్రీజు, వాసెలిన్ పూయమని సలహా ఇచ్చేవారున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అవి ఈకలకు అంటితే ఆ పక్షి వాటిని శుభ్రం చేసుకోలేదు, ఎగరడానికీ ఒంటి వేడిని కాపాడుకోవడానికీ ఆ ఈకలే దానికి ఆధారం.

ఇక కడగడం. సీసా ఫీడర్‌ను విప్పి, దాని మూతి దగ్గరి మరల గీతలను టార్చి వెలుతురులో చూడండి. ఆ గీతల సందుల్లో, పూల రేకుల వెనుక, అడుగుభాగం లోపలి వంపుల్లో మిరియపు పొడి చల్లినట్టు నల్లని చుక్కలు కనిపిస్తే అది బూజు. పైకి నీళ్లు స్వచ్ఛంగానే కనిపిస్తుంటాయి. ఆ సందుల్లోకి మామూలు సీసా బ్రష్ వెళ్లదు, పెన్సిల్ మందం కూడా లేని సన్నని బ్రష్ కావాలి. పళ్లెం ఫీడర్‌ను మూత తీస్తే రెండే ముక్కలు, రెండూ మెత్తని బ్రష్‌తో రెండు నిమిషాల్లో పూర్తవుతాయి. నీళ్లు మార్చిన ప్రతిసారీ వేడినీటితో కడగాలి. జిడ్డుగా అనిపిస్తే కొంచెం తెల్ల వెనిగర్ కలుపుకోవచ్చు. నల్లబూజు పట్టినప్పుడు గ్యాలన్ నీటికి పావు కప్పు బ్లీచ్ కలిపి, గంటసేపు నానబెట్టి, వాసన పూర్తిగా పోయేదాకా కడిగి, ఆరబెట్టి మరీ వాడాలి. పాత నీళ్ల మీదే కొత్త నీళ్లు పోయడం మాత్రం ఏ రకంలోనూ పనికిరాదు.

ఇంతవరకు చెప్పింది చూస్తే సీసాకు చోటే లేదనిపించవచ్చు. అలా కాదు. సెప్టెంబరులో టెక్సాస్ గల్ఫ్ తీరంలో, ముఖ్యంగా రాక్‌పోర్ట్ ప్రాంతంలో, వలసకు బయలుదేరిన హమ్మింగ్‌బర్డ్‌లు గుంపులుగా ఆగుతాయి. కొన్ని తీరం వెంబడి దక్షిణానికి సాగిపోతే, కొన్ని గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీదుగా సుమారు 800 కిలోమీటర్లు ఆగకుండా ఎగురుతాయి. ఆ ప్రయాణానికి ముందు కొవ్వు పట్టి వాటి బరువు దాదాపు రెట్టింపవుతుంది. ఒకే పెరట్లో పదుల కొద్దీ పక్షులు ముసురుకునే ఆ రోజుల్లో పావు లీటరు పళ్లెం పూటకే ఖాళీ అవుతుంది, సీసాలోని నీళ్లు పులిసేలోగానే అయిపోతాయి. అటువంటి చోట పెద్ద సీసాయే సరైనది. గాలి బలంగా వీచే ఆవరణలోనూ సీసాకు కొంత అనుకూలత ఉంది. పళ్లెం ఊగితే నీళ్లు ఒలికిపోతాయి, గట్టి వానకు రంధ్రాల్లోంచి నీరు దిగి పలచనవుతుంది. పళ్లేన్ని కొక్కేనికి కాక గట్టి కమ్మీకి బిగిస్తే ఊగడం తగ్గుతుంది, వాన వెలిశాక నీళ్లు మార్చేయాలి. సీసా కొనేటట్లయితే గాజుదే కొనండి. ప్లాస్టిక్ ఎండకు పెళుసెక్కుతుంది, బ్రష్ గీతలు పడిన చోట బూజు పట్టుకుంటుంది. గాజు వేడినీటికి తట్టుకుంటుంది, కింద పడితే పగులుతుందన్న ఒక్క భయం తప్ప. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఉండేవారికి కిటికీ అద్దానికి అంటించే చిన్న ఫీడర్ కూడా చాలు.

ఫీడర్‌ను ఎంచుకోవడం కంటే అందులో ఏం పోస్తామన్నది మరింత ముఖ్యం, తెలుగు ఇళ్లలో ఇక్కడే ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. పంచదార కంటే బెల్లం, తేనె ఆరోగ్యకరమని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు కాబట్టి ప్రేమ కొద్దీ వాటినే పోద్దామనిపిస్తుంది. పక్షికి అవి రెండూ హానికరం. బెల్లంలో, బ్రౌన్ షుగర్‌లో, శుద్ధి చేయని సేంద్రియ చక్కెరలో ఇనుము ఉంటుంది, అది హమ్మింగ్‌బర్డ్ ఒంటికి ఎక్కువవుతుంది. తేనెను నీళ్లలో కలిపితే త్వరగా పులిసి శిలీంధ్రాలు పెరుగుతాయి. మామూలు తెల్ల పంచదార ఒక కప్పు, నీళ్లు నాలుగు కప్పులు, ఇదే సరైన పాళ్లు. ఈ పక్షులు ఇష్టపడే పూల మకరందంలో ప్రధానంగా ఉండే చక్కెర సుక్రోజే, తెల్ల పంచదార కూడా అదే. నీళ్లను వేడి చేస్తే పంచదార బాగా కరుగుతుంది, పూర్తిగా చల్లారిన తరువాతే పోయాలి. మిగిలినది ఫ్రిజ్‌లో వారం వరకు ఉంచుకోవచ్చు. దుకాణంలో అమ్మే ఎర్ర ద్రావణానికి, పొడులకు డబ్బు పెట్టనక్కరలేదు. పూలలోని మకరందానికి రంగు ఉండదు, పక్షిని ఆకర్షించడానికి ఫీడర్ మీది ఎరుపు చాలు. చక్కెర వ్యాధి ఉన్నవారి కోసం ఇంట్లో పెట్టుకున్న కృత్రిమ తీపి పదార్థాలను పొరపాటున కూడా వాడకండి. వాటిలో శక్తి లేదు, సెకనుకు 50 సార్లు రెక్కలాడించే పక్షి కడుపు నింపుకొని కూడా ఆకలితో ఉండిపోతుంది.

ఒక పెద్ద ఫీడరా, రెండు చిన్నవా అన్న ప్రశ్నకు నా జవాబు రెండు చిన్నవే. ఒక మగపక్షి ఫీడర్‌ను తన సొంతం చేసుకుని, పక్కనే కొమ్మ మీద కాపలా కూర్చుని, వచ్చిన ప్రతిదాన్నీ తరిమేస్తుంది. ఒకటి ఇంటి ముందు, ఇంకొకటి వెనుక, ఒకదాని నుంచి మరొకటి కనిపించకుండా పెడితే దానికి రెండింటినీ కాయడం సాధ్యం కాదు. కిటికీకి మీటరు లోపల గాని, పది మీటర్ల అవతల గాని పెట్టండి. మధ్య దూరంలో పెడితే వేగం అందుకున్న పక్షి అద్దానికి కొట్టుకుంటుంది. మరీ దగ్గరగా ఉంటే ఢీకొట్టేంత వేగం రాదు.

కాలిఫోర్నియా బే ఏరియాలోనూ సియాటిల్‌లోనూ ఉన్నవారి లెక్క వేరు. అక్కడ ఆనాస్ హమ్మింగ్‌బర్డ్ ఏడాది పొడవునా ఉంటుంది. సియాటిల్ చలిలో రాత్రి ఫీడర్ గడ్డకడుతుంది కనుక, చీకటి పడ్డాక లోపలికి తెచ్చి, తెల్లవారకముందే మళ్లీ బయట పెట్టాలి. రాత్రంతా ఒంటి వేడిని తగ్గించుకుని మొద్దునిద్రలో గడిపిన పక్షికి తొలి వెలుతురులో ఆహారం అత్యవసరం. ఇలా రోజూ మోయడానికి చిన్న పళ్లెమే వీలు. టెక్సాస్‌లో మరో సందేహం వస్తుంది. శరదృతువులో ఫీడర్ తీయకపోతే పక్షులు వలస మానేస్తాయేమోనని కొందరు భయపడతారు. వలసకు వాటిని కదిలించేది పగటి నిడివి తగ్గడం, మన పంచదార నీళ్లు కాదు. చివరి పక్షి కనిపించాక రెండు వారాలు ఉంచితే ఆలస్యంగా దారిన పోయేవాటికి పనికొస్తుంది.

పనుల ఒత్తిడిలో రెండు రోజులకొకసారి కడగడం కుదరదని ముందే తెలిస్తే ఏ ఫీడరూ కొనకండి, మొక్కలు నాటండి. ఇది తక్కువ రకం ప్రత్యామ్నాయం కాదు, చాలా విషయాల్లో మేలైనదే. టెక్సాస్ ఎండకు తట్టుకునే ఎర్ర సాల్వియా, ఆ ప్రాంతపు సొంత తీగ కోరల్ హనీసకిల్, టర్క్స్ కాప్ మూడూ హమ్మింగ్‌బర్డ్‌కు ఇష్టమైనవి. టర్క్స్ కాప్ మందారం కుటుంబానిదే, దాని ఎర్ర పూలు పూర్తిగా విచ్చుకోకుండా ముడుచుకునే ఉంటాయి. దాని దగ్గరి చుట్టాన్ని మన ఊళ్ల పెరళ్లలోనూ చూసి ఉంటారు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న బంధువుల కోసం ఫీడర్ తీసుకువెళ్లాలనుకునేవారికీ నేను చెప్పేది ఇదే. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాలు దాటి ఎక్కడా లేవు. మన దగ్గర ఉండే తేనెపిట్ట వేరే కుటుంబానిది, అది ఎక్కువగా కొమ్మ మీద వాలి తాగుతుంది. మే నెల ఎండలో పంచదార నీళ్లు వేలాడదీయడం కంటే దానికి మందారం, రాధామనోహరం వంటి మొక్కలు పెంచడమే మంచిది.

మొక్కలు పెంచినా, ఫీడర్ పెట్టినా, పెరట్లో పురుగుమందు చల్లడం మానాలి. హమ్మింగ్‌బర్డ్ తల్లి ఒక్కతే పిల్లలను సాకుతుంది, వాటికి మాంసకృత్తుల కోసం చిన్న దోమలను, సాలీళ్లను పట్టి పెడుతుంది. గూడు అల్లడానికి సాలెపట్టు దారాలనే వాడుతుంది. తోట పని చేయడానికి వచ్చేవారితో నెలవారీ మందు చల్లే ఒప్పందం ఉంటే, ఫీడర్ కొనడానికి ముందే దానిని రద్దు చేయించండి.