పాడు రోడ్ల మీద 60,000 కిలోమీటర్లు: బైకులో ఏది కాపాడింది, ఏది నమ్మదగ్గది కాదు

వాడిన బండి 150 సీసీది. ముందు టెలిస్కోపిక్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపు తీసుకునే రెండు గొట్టాలు), వెనక రెండు షాకబ్జార్లు, 17 అంగుళాల అలాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు, ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు). తిరిగిన రోడ్లు ఎక్కువ భాగం గుంతలు పడి, ప్యాచీలు లేచిపోయి, అంచులు విరిగి, కంకర తేలినవే. మైలేజీ, పికప్ ఇక్కడ చర్చించడం లేదు. పాడైన రోడ్డు బండిలో దేన్ని ముందుగా తింటుంది, దాన్ని పట్టించుకోకపోతే మనిషిని ఎలా పడేస్తుంది అన్నదే ఈ సమీక్ష.

గుంత ఎంత లోతుంది అని అందరూ అడుగుతారు. బైకుకి అంతకన్నా ముఖ్యం దాని పొడవు. 100/90-17 టైరు వేసిన చక్రం వ్యాసం దాదాపు 61 సెం.మీ. నెమ్మదిగా పోతున్నప్పుడు 20 సెం.మీ. పొడవున్న గుంతలోకి ఆ చక్రం 2 సెం.మీ. కూడా దిగదు. 30 సెం.మీ. అయితే 4 సెం.మీ. దిగుతుంది. 40 సెం.మీ.కి ఏడున్నర, అర మీటరుకి 13 సెం.మీ. పొడవు రెండున్నర రెట్లు పెరిగితే దిగుడు ఏడు రెట్లకు పైగా పెరిగిందన్నమాట. 90/100-10 టైరున్న స్కూటరు 30 సెం.మీ. గుంతలోనే 6 సెం.మీ. దిగుతుంది, 40 సెం.మీ. గుంతలో 13. ఒకే రోడ్డు మీద బైకు కుదుపుతో దాటిన చోట స్కూటరు బోల్తా కొట్టడానికి కారణం ఈ లెక్కే. వేగంగా పోతే చిన్న గుంత మీంచి చక్రం తేలిపోతుంది కదా అంటారు, నిజమే. కానీ మీటరు పొడవున్నదానిలో అది పూర్తిగా దిగి, అవతలి అంచును అంతే వేగంతో కొడుతుంది. దెబ్బ తగిలేది ఎప్పుడూ ఆ అవతలి అంచు దగ్గరే.

ఇక్కడే ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది: గుంత కనిపించగానే ముందు బ్రేకు గట్టిగా పట్టి, పట్టుకునే ఉండి, అలాగే దాన్లో దిగడం. ఈ తరహా బండ్లలో ఫోర్కు కదిలే దూరం 120 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. మనిషి కూర్చోగానే అందులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా దిగిపోతుంది. గట్టిగా బ్రేకు పడితే బరువంతా ముందుకొచ్చి ఇంకో సగం దిగుతుంది. ఇక మిగిలేది రెండు మూడు సెంటీమీటర్లు. ఆ స్థితిలో అంచు తగిలితే ఫోర్కు అడుగుకి కొట్టుకుంటుంది, మిగతా దెబ్బ రిమ్ము మీదా హ్యాండిల్ మీదా పడుతుంది. అందుకే బ్రేకింగ్ అంతా గుంతకు ముందే ముగించాలి. అంచు దగ్గరికి వచ్చేసరికి లీవరు వదిలేస్తే ఫోర్కు పైకి లేచి దెబ్బ తీసుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. మోకాళ్లతో ట్యాంకు పట్టుకుని, బరువు ఫుట్‌రెస్టుల మీదకి మార్చి, సీటు మీంచి కాస్త లేవాలి. మోచేతులు బిగించకూడదు, బిగిస్తే మన భుజాలే హ్యాండిల్‌ని తిప్పేస్తాయి.

బండి మొత్తంలో ఫోర్కుకి ఇచ్చినంత విలువ నేను మరి దేనికీ ఇవ్వను. దాన్లో ఆయిల్ ఉంటుందన్న సంగతే చాలామందికి తెలియదు. ఇంజనాయిల్ తప్పకుండా మార్చేవాళ్లు కూడా ఫోర్కు ఆయిల్ బండి కొన్ననాటిదే వాడుతుంటారు. లోపలి అరుగుదల పొడి కలిసి అది బూడిద రంగుకి తిరిగి పలచబడితే, స్ప్రింగు ఆడుతుంది గాని ఆ ఊపు ఆగదు. గుంత దాటాక చక్రం రెండు మూడు సార్లు ఎగురుతుంది. ఎగిరిన క్షణంలో టైరుకి రోడ్డు మీద పట్టుండదు, ఆ క్షణంలోనే మలుపు వస్తే బండి జారుతుంది. ఈ బండికి 15,000 కి.మీ.లకోసారి మార్చడం సరిపోయింది. చిన్న బైకులకి ఫోర్కు ఒక్కో గొట్టానికి సుమారు 150 నుంచి 250 మి.లీ. పడుతుంది. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూసి కొలజాడీతో కొలిచి పోయించండి. మెకానిక్ డబ్బాతో ఉజ్జాయింపుగా పోస్తుంటే ఆపండి. తక్కువైతే ఫోర్కు అడుగుకి తగులుతుంది. ఎక్కువైతే లోపల గాలికి చోటు చాలక, ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలుని తన్నేస్తుంది.

సీలు కారుతోందని తెలిసేది ఫోర్కు గొట్టం మీద ఏర్పడే జిడ్డు వలయంతో. దీన్ని వాయిదా వేయకూడదు. ఆ ఆయిల్ కిందికి జారి డిస్కు మీదా ప్యాడ్ల మీదా చేరితే ముందు బ్రేకు పోయినట్టే. అయితే జిడ్డు కనిపించగానే సీలు మార్చనక్కర్లేదు. చాలాసార్లు సీలు అంచు కింద ఇరుక్కున్న ఇసుక రేణువే కారణం. పైనున్న డస్ట్ సీలుని పైకి జరిపి, పలచటి ప్లాస్టిక్ రేకు ముక్కని సీలు అంచులోకి దూర్చి చుట్టూ ఒకసారి తిప్పితే ఆ ఇసుక బయటికొస్తుంది. రెండు రోజులు చూసి, అప్పటికీ కారుతుంటే మార్చాలి. మార్చే ముందు గొట్టం మీద వేలు నడిపి చూడండి. రాయి తగిలి లేచిన చిన్న గరుకు ఉంటే, సన్నటి నీటి ఎమరీ పేపరుతో నునుపు చేయకుండా కొత్త సీలు వేసినా అది నెలలోపే చిరుగుతుంది. ఫోర్కు గొట్టాలకి రబ్బరు తొడుగులు వేయించాక ఈ బాధ చాలా తగ్గింది. చూడ్డానికి పాతకాలం బండిలా ఉంటుందని కొందరు వద్దంటారు. వేయించండి.

తర్వాత కోన్ సెట్. హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు ఇది. బండి నేరుగా పోతున్నప్పుడు గుంతల దెబ్బలన్నీ బేరింగు గుండ్ల కింద ఒకే చోట పడతాయి, అక్కడ చిన్న గాట్లు పడతాయి. సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం గాలిలో ఉండేలా వెనక ఒకరిని కూర్చోబెట్టి, హ్యాండిల్‌ని ఒక వేలితో మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో 'టక్' మని పట్టుకున్నట్టుంటే కోన్ సెట్ పోయింది. ఫోర్కు కింది కొనలు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపినప్పుడు కదలిక తెలిస్తే లూజుగా ఉంది. గాట్లు పడినదాన్ని బిగిస్తే బాగుపడదు, పైపెచ్చు బండి నేరుగా నిలవక అటూ ఇటూ వెతుక్కుంటుంది. పైదీ కిందదీ కలిపి మొత్తం సెట్టు మార్చాల్సిందే.

అలాయ్ చక్రాల మీద నా అభిప్రాయం మారుతూ వచ్చింది. పోత పోసిన అలాయ్ కొంత దాకా వంగుతుంది, ఆ తర్వాత పగులుతుంది. స్పోకుల చక్రం దెబ్బని పంచుకుని వంగుతుంది, స్పోకులు సరిచేసి మళ్లీ గుండ్రం చేయొచ్చు. రాళ్లే రోడ్డైన చోట స్పోకులదే పైచేయి. అయినా స్పోకుల చక్రానికి సాధారణంగా ట్యూబు వేయాలి కాబట్టి, ముందు చక్రానికి నేను ట్యూబ్‌లెస్‌నే కోరుకుంటాను. మేకు గుచ్చుకున్న ట్యూబు క్షణాల్లో ఖాళీ అయిపోతుంది, ముందు టైరు అలా ఖాళీ అయితే హ్యాండిల్ మన మాట వినదు. ట్యూబ్‌లెస్‌లో మేకు రంధ్రంలోనే ఉండిపోయి గాలి మెల్లగా దిగుతుంది, ఆగడానికి వ్యవధి దొరుకుతుంది. కానీ రిమ్ము అంచు వంగితే ఈ లాభం పోతుంది, గాలి అక్కణ్ణుంచే దిగుతుంది. పెద్ద దెబ్బ తగిలిన ప్రతిసారీ చక్రాన్ని గాలిలో తిప్పి, ఫోర్కుకి ఒక పుల్ల కట్టి దాని కొనని రిమ్ముకి దగ్గరగా ఉంచి చూడండి. పక్కకి గాని పైకీ కిందికీ గాని ఊపు 2 మి.మీ. మించితే చాలా సర్వీసు మాన్యువళ్ల ప్రకారం ఆ చక్రం వాడకూడదు. వంపు తీయించవచ్చు. పగులు కనిపిస్తే వెల్డింగుకి ఒప్పుకోవద్దు, చక్రం మార్చండి. స్పోకులైతే స్పానరుతో ఒక్కోదాన్నీ తట్టండి. బిగుతైనది 'ఠింగ్' మంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది.

గాలి విషయంలో రెండు వైపులా తప్పులు జరుగుతున్నాయి. కుదుపు తగ్గుతుందని గాలి తగ్గించే వాళ్లున్నారు. అప్పుడు అంచు తగిలితే టైరు పూర్తిగా నొక్కుకుపోయి రిమ్ముకీ అంచుకీ మధ్య నలుగుతుంది. ట్యూబు మీద పాము కాటులాంటి రెండు చీలికలు పక్కపక్కన కనిపిస్తే కారణం మేకు కాదు, తక్కువ గాలి. రిమ్ము వంగకుండా ఉంటుందని గాలి ఎక్కువ కొట్టించేవాళ్లూ ఉన్నారు, వాళ్ల బండి ప్రతి రాయి మీదా గెంతుతుంది. ఈ బండికి ఒక్కరే అయితే ముందు 25, వెనక 28 పీఎస్ఐ, వెనక మనిషి ఉంటే వెనక 32. మీ బండికి ఎంతో చైన్ కవరు మీదో స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కరు ఉంటుంది. వారానికోసారి, బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నడిచి వేడెక్కాక గాలి పెరిగినట్టు కనిపిస్తుంది, దాన్ని తీసేస్తే చల్లారాక తక్కువవుతుంది.

టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2322 అంటే 2022లో 23వ వారంలో తయారైందని. టైరు మీది గాడులు బాగానే ఉన్నా రబ్బరు గట్టిపడిన పాత టైరు తడి రోడ్డు మీద జారుతుంది. గుంత దెబ్బకి పక్క గోడ మీద బుడిపె లేస్తే లోపలి దారాలు తెగాయని అర్థం, ఆ టైరు ఆ రోజే దించేయాలి.

ఏబీఎస్ మీద అతి నమ్మకం వద్దు. తడి తారు మీదా, రోడ్డు గీతల మీదా, మ్యాన్‌హోల్ మూత మీదా అది నిజంగా కాపాడుతుంది, అది లేని బండి ఇప్పుడు నేను కొనను. కానీ అలలు అలలుగా లేచిన రోడ్డు మీద చక్రం గెంతుతూ రోడ్డుని వదిలినప్పుడల్లా అది చక్రం జారుతోందనుకుని బ్రేకు వదిలిస్తుంది. తేలిన కంకర మీద కూడా ఆగే దూరం పెరుగుతుంది. లీవరు నొక్కే ఉంచినా బండి ముందుకి పోతున్న ఆ అనుభూతి మొదటిసారి చాలా భయపెడుతుంది. అలాంటి చోట్ల ముందే వేగం తగ్గించడం తప్ప వేరే దారి లేదు. బురదలో తిరిగాక చక్రం దగ్గరి సెన్సారునీ పళ్ల రింగునీ కడగాలి. బండి కదిలిన కొద్ది క్షణాల్లో ఏబీఎస్ లైటు ఆరాలి, ఆరకపోతే అది పనిచేయడం లేదు.

బండి ఎంత సరిగా ఉన్నా రోడ్డు చేసే కొన్ని మోసాలకి విరుగుడు నడపడంలోనే ఉంది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ముందున్న కారు. గుంత దాని రెండు చక్రాల మధ్యలోంచి పోతుంది కాబట్టి కారు వేగం తగ్గదు, పక్కకి తిరగదు. దాని వెనకే ఉన్న బైకుకి ఆ గుంత ఒక్కసారిగా ప్రత్యక్షమవుతుంది. మూడు సెకన్ల దూరం ఉంచండి, 50 కి.మీ. వేగంలో అది దాదాపు 42 మీటర్లు. కారు మధ్య భాగం వెనక కాకుండా దాని చక్రం నడిచిన గీతలో నడవండి, ఆ గీత మీద కంకర, ఆయిల్ కూడా తక్కువ. చిన్న గుంతని తప్పించబోయి పక్క లేన్‌లోకి తిప్పడం కన్నా బండి నిటారుగా పెట్టి దాని మీంచే పోవడం మేలు. వెనక ఏ లారీ వస్తోందో అద్దంలో చూసే వ్యవధి ఆ క్షణంలో ఉండదు.

రోడ్డు అంచు విరిగి మట్టి మార్జిన్ అయిదారు సెంటీమీటర్లు కిందికి దిగిన చోట, దిగినవాళ్లు వెంటనే పక్కకి లాగి ఎక్కబోతారు. అంచుకి సమాంతరంగా ఎక్కబోతే టైరు పక్క గోడ అంచుని రాసుకుంటూ పోతుంది, ఎక్కదు. హ్యాండిల్ ఇంకా తిప్పితే ఒక్కసారిగా ఎక్కి బండి ఎదురు వాహనాల వైపు విసిరినట్టు పోతుంది, లేదా కిందపడుతుంది. మట్టిలోనే వేగం బాగా తగ్గించి, అంచు నుంచి కాస్త దూరం జరిగి, కనీసం 45 డిగ్రీల కోణంలో దాన్ని ఎక్కాలి. రైలు పట్టాలకీ, రోడ్డు పొడవునా సాగే నిలువు పగుళ్లకీ ఇదే పద్ధతి. కొత్త తారు వేయడానికి పైపొర గీకి వదిలేసిన రోడ్డు మీద బండి పాములా మెలికలు తిరిగినట్టనిపిస్తే హ్యాండిల్‌తో పోట్లాడవద్దు. పట్టు వదులు చేసి, ఎక్సలేటర్ ఒకేలా ఉంచితే బండి తనే సర్దుకుంటుంది.

రోడ్డు గరుకుదనాన్ని ప్రపంచమంతా కొలిచేది ఐఆర్ఐ (ఇంటర్నేషనల్ రఫ్‌నెస్ ఇండెక్స్) అనే సూచికతో. 1982లో బ్రెజిల్‌లో జరిగిన పరీక్షల ఆధారంగా ప్రపంచ బ్యాంకు దాన్ని రూపొందించింది. గంటకి 80 కి.మీ. వేగంతో పోయే కారు చక్రం ఒకటి ఎంత ఊగుతుందో అన్న లెక్క అది. మలుపు బయటి అంచున పోగైన గుప్పెడు కంకర, ఎండకి పైకి తేలి నున్నగా మెరిసే తారు, నిలువు పగులు ఆ అంకెలో దాదాపు కనిపించవు. బైకుని పడేసేవి ముఖ్యంగా అవే. కొలతలో బాగున్న రోడ్డు రెండు చక్రాల బండికీ బాగుందని అనుకోవడానికి లేదు.

ప్యాచ్ వేసిన చోటుని కూడా ఒకసారి పరిశీలించండి. సరిగా వేసేవాళ్లు గుంత చుట్టూ నిలువు అంచులతో చతురస్రంగా కోసి, నీరూ మట్టీ తీసేసి, అడుగునా పక్కలా తారు ఎమల్షన్ పూసి, వేడి మిశ్రమాన్ని పొరలుగా వేసి రోలరుతో అణుస్తారు. నీళ్లున్న గుంతలోనే తారు కంకర పోసి పారతో తట్టి వెళ్లిపోతే కింద తడి అలాగే ఉంటుంది. లారీలు నొక్కినకొద్దీ ఆ నీరు అంచుల్లోంచి బురదగా పైకొస్తుంది. ప్యాచ్ చుట్టూ మట్టి రంగు మరక కనిపిస్తే అది లేచిపోబోతోందని గుర్తు. ముందుగా దానిలోంచి రాలిన కంకర పక్కనున్న మలుపులోకి చేరుతుంది, ఆ తర్వాత వాన పడిన రాత్రి గుంత తిరిగొస్తుంది, ఈసారి అంచులు ఇంకా పదునుగా, నీళ్లు నిండి, రోడ్డు రంగులోనే ఉంటుంది.