పాత పడవ లోపల నేలకి ఏది మేలు: టేకా, మెరైన్ ప్లైవుడ్డా, డబ్ల్యూపీసీనా?

తిరుపతిలో ఏ ప్లైవుడ్ షాపుకి పోయి "పడవలో కింద పరచడానికి ఏది బాగుంటుంది" అని అడిగినా ముందు మన మొహం ఒకసారి ఎగాదిగా చూస్తారు, కొండ కింద ఊర్లో పడవేంది అని. ఆ తర్వాత వాళ్ల గోడౌన్‌లో ఏ సరుకు ఎక్కువుంటే అదే బ్రహ్మాండం అంటారు. వాళ్లను అనేదేం లేదు, వాళ్లు రోజూ అమ్మేది వంటగది కప్‌బోర్డులకి. కానీ 2022లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలో కలిశాయి కదా, పులికాట్ సరస్సులో ఆంధ్రా వైపు భాగం వాటి పక్కనే, కాబట్టి పడవల గొడవ మనకేం కొత్త కాదు. మా బామ్మర్ది తడ దగ్గర ఒక పాత చెక్క పడవ తీసుకున్నాడు, చిన్న క్యాబిన్, ఇంజనూ ఉన్నాయి, పైన చూడ్డానికి బాగానే ఉంది గానీ లోపల కాలు పెడితే నేల మెత్తగా దిగిపోతోంది. దాని కోసం తిరిగి, అడిగి, లెక్కలేసి చూసుకున్నదే ఇదంతా.

ఏ సరుకు అన్నది తర్వాత, ముందు పాత నేలను ఎత్తి కింద చూడండి. మాది ఎత్తినప్పుడు పలకల పైవైపు పెయింటు నిక్షేపంగా ఉంది. తిరగేస్తే మాత్రం నల్లగా, తడిగా, ప్రతి ఇనుప మేకు చుట్టూ రూపాయి బిళ్లంత నల్ల మచ్చ, ఆ మచ్చ మీద బొటనవేలితో నొక్కితే చెక్క పొడిపొడిగా రాలింది. అంటే కుళ్లు పైనుంచి రాలేదు, కిందనుంచి వచ్చింది. ఇంకో సంగతి, చెక్కను కుళ్లబెట్టే బూజుకి ఉప్పునీళ్ల కంటే వాననీళ్లే ఎక్కువ నచ్చుతాయి. ఉప్పునీళ్లలో ఉన్నంతసేపు వేరే పురుగుల బాధ తప్పితే కుళ్లు అంత తొందరగా రాదు. పులికాట్‌లో ఎండాకాలం నీళ్లు బాగా ఉప్పెక్కుతాయి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వానకీ, కాళంగి, అరణి లాంటి ఏర్లు తెచ్చే నీళ్లకీ ఉప్పు బాగా తగ్గిపోతుంది. ఆ మూడు నెలల వాన పడవ లోపల అడుగున చేరి, తోడిపోసేవాళ్లు లేక అట్నే నిలిచిపోతే ఏ నేలయినా పోతుంది. పని చూసిన ఆచారి ఒక్క మాటే అన్నాడు: "ఏం పరిచినా సరే సామీ, కింద గాలాడకపోతే రెండు వానలకి మళ్లీ ఇంతే."

అందుకే నేను ప్రతి సరుకునీ ఇదే ప్రశ్నతో చూశాను: దీన్ని ముక్కలుగా చేసి, ఎప్పుడంటే అప్పుడు చేత్తో ఎత్తి, కింద తుడిచి, మళ్లీ పెట్టగలమా?

టేకు సంగతి ముందు చెప్తా, ఎందుకంటే అందరి మనసూ దాని మీదే ఉంటుంది. టేకులో సహజంగా ఉండే నూనె వల్ల నీళ్లు తొందరగా పట్టవు, వానకి తడిసినా ఎండకి ఎండినా మిగతా చెక్కలంత వంకర పోదు, వార్నిష్ లేకుండా వదిలేసినా బతుకుతుంది, తడి కాళ్లతో నడిచినా జారదు. మన జనం చెప్పులు విప్పి ఎక్కేవాళ్లే కాబట్టి ఈ చివరిది చిన్న విషయం కాదు. కొత్త టేకు ధర ఘనపుటడుగుకి ఎంతో విని నీరసపడాల్సిన పని లేదు, చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల పాత మిద్దెలు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలూ తలుపు చట్రాలూ అమ్మే అడితీలు ఉన్నాయి, దశాబ్దాల పాటు ఇంట్లో ఎండిన కర్ర కాబట్టి ఇక కొత్తగా ఒంగేదేం ఉండదు. కాకపోతే లోపల విరిగిపోయిన మేకులు ఉంటాయి, కోతమిల్లువాడు బ్లేడు పోతుందని విసుక్కుంటాడు, మెటల్ డిటెక్టర్‌తో ఒకసారి చూపించి ఇస్తే గొడవ ఉండదు. టేకుకి అసలు ఇబ్బంది జిగురు. ఆ నూనె వల్లే జిగురూ పట్టదు, అతికించే ముందు అసిటోన్‌తో తుడిచి వెంటనే అతకాలి. పైగా సన్న పలకలుగా మొత్తం క్యాబిన్‌కి పరిస్తే, వాటిని ఎత్తేలా చట్రాలు కట్టడానికి అయ్యే కూలీ చెక్క ఖర్చుని మించినా ఆశ్చర్యం లేదు.

టేకు ఎక్కువని కొందరు మామిడి పలకల దగ్గరికి పోతారు, మన జిల్లాలో మామిడి కర్రకి కరువా అని. పండ్ల పెట్టెలకి బాగుంటుంది. పడవకి వద్దు, తడి తగిలితే పురుగూ కుళ్లూ రెండూ పోటీపడి తింటాయి. ఎర్రచందనం అని జోకులేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో పడవ ఎక్కకపోవడమే మంచిది.

ఇక డబ్ల్యూపీసీ, అంటే చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసే పలక. ఇప్పుడు ప్రతి బాత్‌రూమ్ తలుపూ దాంతోనే చేస్తున్నారు, చెద పట్టదు, కుళ్లదు, నీళ్లలో పడేసినా ఏం కాదు. ఇవన్నీ నిజాలే. కానీ అది బరువు మోసే పలక కాదు. కింద నేలను మోసే రెండు చట్రాల మధ్య ఖాళీ ఎక్కువుంటే నలుగురు ఒకచోట నిలబడగానే మధ్యలో కుంగుతుంది, స్క్రూ కూడా చెక్కలో పట్టినంత గట్టిగా పట్టదు. రెండోది ఎండ. మూసి ఉన్న క్యాబిన్‌లో మన మే నెల ఎండకి లోపల వేడి ఎంతుంటుందో ఊహించుకోండి, ఎనిమిది అడుగుల పలక ముప్ఫై డిగ్రీల తేడాకి నాలుగు మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. ప్లైవుడ్ అయితే అదే తేడాకి అర మిల్లీమీటరు కూడా సాగదు. సందు వదలకుండా బిగిస్తే ఎండాకాలంలో పైకి ఉబ్బుతుంది, సందు వదిలితే చలికాలంలో ఆ సందులో ఇసుకా చెత్తా చేరుతుంది. క్యాబిన్ గోడలకి, బెంచీల కింద అల్మారాలకి నిక్షేపంగా వాడుకోండి, కాళ్ల కిందకి మాత్రం నాకు ఇష్టం లేదు.

పీవీసీ కార్పెట్ రోల్, అదే ఇళ్లలో పరిచే చెక్క డిజైన్ది, అన్నిటికంటే చవక, ఒక పూటలో పని అయిపోతుంది. జిగురు పెట్టి అతికిస్తే మాత్రం కింద చెక్క ఊపిరాడక చచ్చిపోతుంది, పైన మెరుస్తూ ఉంటుంది కాబట్టి మనకి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. పరవాలనే ఉంటే వదులుగా చాపలాగా పరిచి, దిగేటప్పుడు చుట్టేయండి. గుడి గోపురం బొమ్మలూ నీళ్ల ట్యాంకులూ చేసే ఫైబర్ పనివాళ్లు తిరుపతిలో దొరుకుతారు, వాళ్లు "మొత్తం ఫైబర్ కొట్టేస్తా సార్, ఇక జన్మలో చూసుకోనక్కర్లేదు" అంటారు. వాళ్లు మామూలుగా వాడేది పాలియెస్టర్ రెజిన్, అది పాత చెక్కకి గట్టిగా పట్టదు, చెక్క కదిలిన కొద్దీ అంచుల దగ్గర లేస్తుంది, లేచిన చోట నీళ్లు దూరి బయటికి రాలేవు. అల్యూమినియం చెక్కర్డ్ ప్లేటు, అదే జారకుండా పైన గీతలు లేచి ఉండే రేకు, ఇంజను దగ్గర బాగుంటుంది, నూనె పడినా తుడిచేయొచ్చు. 3 మిల్లీమీటర్ల ప్లేటూ 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డూ బరువులో ఇంచుమించు ఒకటే, చదరపు మీటరుకి ఎనిమిది తొమ్మిది కిలోలు. క్యాబిన్ అంతా వేస్తే ఎండకి కాళ్లు కాలడం, నడిచినప్పుడు టపటప శబ్దం, ఉప్పునీళ్లలో వేరే లోహపు స్క్రూ తగిలిన చోట తినేయడం, ఇన్ని బాధలు. టైల్స్ అడిగినవాళ్లు కూడా ఉన్నారు, చదరపు మీటరుకి ఇరవై కిలోల చొప్పున బరువు పడవకి ఎక్కించి, అది ఊగినప్పుడు పగిలే గ్రౌటును ఎవరు సరిచేస్తారు?

నా ఓటు మెరైన్ ప్లైవుడ్‌కే. షాపులో "వాటర్‌ప్రూఫ్" అన్న మాట వినగానే సరిపెట్టుకోకండి, పలక మీద ఐఎస్‌ఐ గుర్తుతో పాటు ఐఎస్ 710 అని ఉండాలి. ఐఎస్ 303 అని ఉంటే అది ఇంటి సామాన్లకి. 710 పరీక్షలో ముక్కని 72 గంటలు ఉడకబెట్టి పొరలు విడిపోయాయా అని చూస్తారు. ముద్ర మీద అనుమానం ఉంటే ఒక చిన్న ముక్క అడిగి తెచ్చుకుని ఇంట్లో ఒక పూటంతా ఉడకబెట్టండి, దొంగ సరుకు అయితే సాయంత్రానికే పొరలు నోరు తెరుస్తాయి. ఇంకో చూపు కోసిన అంచు మీద వేయాలి: లోపలి పొరల మధ్య ఖాళీలు కనిపిస్తే ఆ పలక వద్దు, ఆ ఖాళీల్లోనే నీళ్లు కాపురం పెడతాయి.

అయితే ఇక్కడ ఒకటి తెలుసుకోవాలి. జిగురు ఉడకబెట్టినా ఊడదు అంటే చెక్క కుళ్లదని కాదు. మందు పట్టించిన పలకే అయినా కోసిన అంచులని, స్క్రూ రంధ్రాలని వదిలేస్తే ఇది కూడా మా పాత నేలలాగే అవుతుంది. కాబట్టి ముందు ముక్కలన్నీ కొలత ప్రకారం కోసి, ఒకసారి పడవలో అమర్చి చూసి, మళ్లీ బయటికి తీసి, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెజిన్) మూడు పూతలు వేయాలి, పైనా కిందా అంచులూ అన్నీ. అంచులకి ఇంకో పూత ఎక్కువైనా పర్లేదు. మన ఎండలో ఎపాక్సీ మగ్గులో ఎక్కువ కలిపితే పొగలొచ్చి రాయిలా గట్టిపడుతుంది, కొంచెం కొంచెం కలుపుకుని వెడల్పు ట్రేలో పోసుకోండి. పొద్దున వేస్తే ఎండెక్కే కొద్దీ చెక్కలో గాలి వేడెక్కి బయటికొచ్చి పూత నిండా బుడగలు వస్తాయి, వేడి తగ్గుముఖం పట్టే సాయంత్రం వేస్తే ఆ గాలి లోపలికి పోతూ పూతనీ లాక్కుంటుంది. చివర్లో పెయింటు తడిగా ఉండగానే సన్నగా జల్లెడ పట్టిన పొడి ఇసుక చల్లి, ఆరాక ఇంకో పూత వేస్తే కాలు జారదు.

చట్రాల మధ్య ఒకటిన్నర అడుగు లోపు ఉంటే 12 మిల్లీమీటర్లు చాలు, అంతకంటే ఎక్కువుంటే 18 తీసుకోవడం కంటే మధ్యలో ఒక అడ్డకర్ర వేయడం బరువుకీ డబ్బుకీ మేలు. ప్రతి పలకా ఒక మనిషి ఎత్తగలిగేంతే ఉండాలి, వేలు పట్టే రంధ్రం ఒకటి, చుట్టూ సన్న సందు. మొత్తం టేకు మీద ఆశ చావకపోతే ఎక్కే చోట, మెట్టు దగ్గర మాత్రం పాత టేకు పలకలు వేయించండి, తడి కాళ్లు ఎక్కువ పడేది అక్కడే. మా బామ్మర్ది మాత్రం ఇంకా "మొత్తం టేకే" అంటున్నాడు, డబ్బు వాడిది.

స్క్రూల దగ్గర షాపువాడు మాగ్నెట్ పెట్టి "చూడండి సార్, అంటుకోలేదు, అసలు స్టీల్" అంటాడు. 202 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ కూడా అంటుకోదు, ఉప్పునీళ్ల దగ్గర అది తొందరగానే తుప్పు రంగు కక్కుతుంది. ఉప్పునీళ్లకి తట్టుకునే రకం 316, అలా డబ్బా మీద రాసి ఉన్నవే అడగండి, తిరుపతిలో లేవంటే చెన్నై నుంచి తెప్పించమనండి. డబ్బులు తీసుకుని జనాన్ని ఎక్కించే ఇంజను పడవ అయితే 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషనూ సర్వే సర్టిఫికెట్టూ ఉంటాయి కాబట్టి, పాత నేల పీకకముందే పడవను తనిఖీ చేసే సర్వేయర్‌తో ఒకసారి మాట్లాడుకోండి.